రెండో దారి

"మీ ఆయనకి చెప్పమ్మా, కూలర్లో నీళ్ళయిపోయాయని" అన్నారు హాల్లోంచి సుబ్రహ్మణ్యంగారు.

ఆ 'మీ ఆయన' చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు.

ఛాయ పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. "ఏవండీ, కూలర్లో నీళ్ళయిపోయాయట."

"కొత్త గడ్డి వేయిద్దామంటే విన్నారా? ఇప్పుడు అనుభవించమను" అన్నాడు కౌండిన్య తల ఎత్తకుండా.

"పోస్తారట, మావయ్యగారూ" అని చేరవేసింది ఛాయ.

కూలర్‌కి కొత్త గడ్డి కావాలా వద్దా అన్న దగ్గర తండ్రీకొడుకులకు మాటలు ఆగిపోయి పక్షం రోజులు దాటింది. రాయపూర్ బడిలో కెమిస్ట్రీ చెప్పడానికి రమ్మని ఛాయకు కబురొచ్చింది కూడా ఆ గొడవైన సాయంత్రమే. పెళ్ళయ్యాక డిగ్రీని పోపులపెట్టెలో దాచుకున్న మనిషికి అంతకన్నా పండగేముంది? కానీ పొద్దున లోకల్ రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు. అందాకా ఈ ఇంట్లో మాట మోసేదెవరు? చేరేదీ లేనిదీ ఈ రోజే చెప్పాలి.

కౌండిన్య ఫోన్లో ఎవరికో ధైర్యం చెబుతున్నాడు. "సర్వర్ ఠీక్ ఉంది, స్టోరేజీ ఠీక్ ఉంది. నడిమి స్విచ్ పోయింది, అంతే. ఘబరాకు భయ్యా."

అతను ఫోన్ పెట్టాక ఛాయ అడిగింది. "అవి రెండూ నేరుగా మాట్లాడుకోవా?"

"సర్వర్‌కి బుర్ర ఉంటుంది, సరుకంతా స్టోరేజీలో ఉంటుంది. వెంట్రుకంత గాజు తీగలో వెలుగు అటూ ఇటూ మాటలు మోస్తుంది. ఫైబర్ ఛానెల్ అంటారు. ఎవరి మాట ఎవరికి చేరాలో స్విచ్ చూసుకుంటుంది. ఒక్క ముక్క జారనివ్వదు."

ఛాయ అంత నాణ్యమైన స్విచ్ కాదు. బయల్దేరిన తిట్లన్నీ ఆమె దగ్గరే ఆగిపోయేవి.

"మరి స్విచ్ పోతే?"

"ఎప్పుడూ రెండు దారులు వేస్తాం. రెండోదాంట్లో మాట్లాడుకుంటూనే ఉంటాయి. పైవాళ్ళకి తెలియను కూడా తెలియదు."

"మనింట్లో ఒకటే దారి" అని నిట్టూర్చింది ఛాయ. కౌండిన్యకు ఎందుకో దగ్గు వచ్చింది.

సుబ్రహ్మణ్యంగారు షికారుకు చెప్పులు వేసుకుంటున్నారు. "మొన్న కూడా ఆ స్విచ్చే పోయిందట గదా. జాగర్త అని చెప్పమ్మా."

మొన్నటి సంగతి తను మోసినట్టు ఛాయకు గుర్తులేదు. రోజుకిన్ని మోస్తుంటే ఏది గుర్తుంటుంది?

"మీరే ఒక్కసారి పలకరించకూడదూ? నేను రాయపూర్ వెళ్తే..."

"ఏటి, పెద్దోణ్ణి నేను ముందు మాటాడాలా? నువ్వెళ్ళమ్మా, సంతోషంగా వెళ్ళు. నా మందుల సంగతి దేవుడే చూసుకుంటాడు."

ఛాయ మొగుడి వంక చూసింది.

"నేను మాత్రం వద్దన్నానా? వెళ్ళు. ఇల్లు మూగనోము పడుతుంది, అంతేగా" అంటూ అతనూ స్కూటర్ తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

ఛాయ సిగ్నల్ అందే చోటు వెతుక్కుని, పెరటి కిటికీ దగ్గర నిలబడి బళ్ళో చేసే కుసుమకు ఫోన్ చేసింది.

"రాలేను కుసుమా. ఇంకెవరినైనా చూసుకోండి."

"అయ్యో దీదీ! ఇంట్లో వద్దన్నారా?"

"లేదు. ఇద్దరూ వెళ్ళమనే అన్నారు" అంది ఛాయ.

ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, కూలర్‌లో నీళ్ళు పోద్దామని బకెట్‌తో పెరట్లోకి వచ్చింది. గోడవతల సందులో కౌండిన్య స్కూటర్ ఆగి ఉంది. దాని పక్కనుంచి మావయ్యగారి గొంతు గుసగుసగా వినిపించింది.

"వద్దనీసిందిరా, ఇంక ఇంట్లో మాటాడుకోవచ్చు."