వంతెన అవతలి మనిషి

పాత నీలం ట్రక్కు హోటల్ ముందు ఆగగానే, రోజూ కాఫీకొచ్చే డెల్బర్ట్ కిటికీలోంచి తొంగి చూశాడు.

"వెర్నా, చుట్టం వచ్చాడు. అమెరికా నంబరు!"

హోటల్ నడిపే వెర్నా చేతిలో గరిటె ఆగింది.

ఆ రోజు జూలై ఒకటి. కెనడా పుట్టినరోజు. హోటల్ గుమ్మానికీ, బల్లలకీ, ఆఖరికి కాఫీ యంత్రానికి కూడా ఎర్రాకు బొమ్మున్న దేశం జెండాలు కట్టిందామె. 'ఇక్కడ అన్నీ మన సరుకులే' అని తన చేత్తోనే రాసి తలుపుకి అతికించింది.

నదికి ఇవతల కెనడా, అవతల అమెరికా. మధ్యన ఒక్క వంతెన. మొన్నటిదాకా ఇక్కడివాళ్లు పెట్రోలు కోసం అటు వెళ్లేవాళ్లు, అక్కడివాళ్లు వెర్నా చేసే చేపల సూప్ కోసం ఇటు వచ్చేవాళ్లు. వియ్యాలు కూడా అందుకున్నారు.

ఇంతలో అవతలి ప్రభుత్వం ఇక్కణ్ణుంచి వెళ్లే కలపమీద సుంకం పెంచింది. ఊళ్లో కలప మిల్లు మూతపడింది. వెర్నా భర్త లోర్న్ ఇప్పుడు పొద్దెక్కినా మంచం దిగడు. దిగినా నోరు విప్పడు.

తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. బోస్టన్ బేస్‌బాల్ టోపీ, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా.

"చేపల సూప్ ఉందా అమ్మా?"

"ఉంది. మావాళ్లకి."

డెల్బర్ట్ పకపకా నవ్వాడు. పరాచికమనుకుని పెద్దాయనా నవ్వాడు.

"అయితే నాకూ ఒక గిన్నె పొయ్యమ్మా. నేనూ ఇక్కడివాణ్ణే, ఒక విధంగా."

"ఈమధ్య అందరూ ఇక్కడివాళ్లే!" అన్నాడు డెల్బర్ట్. "బండి నంబరుకే ఆ సంగతి తెలీదు, పాపం."

"మీ అధ్యక్షుడి లెక్కలో మేం మీకు యాభై ఒకటో రాష్ట్రమట కదా. సొంతిల్లనుకుని వచ్చేశారేమో" అంది వెర్నా.

"ఆ మాట నేననలేదమ్మా."

"మీరనకపోతే మీ ఓటు అనుంటుంది."

"ఎవరికి వేశానో నువ్వడగలేదే."

"అడగను కూడా. మా ఆయన మీసాలు రాకముందు నుంచీ ఆ మిల్లులో చేశాడు. ఇవాళ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పండగపూట ఎవరికి వడ్డించావని అడిగితే, మీకని చెప్పనా?"

పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మగాడికి పని పోతే ఇల్లంతా చీకటే. నేనూ చూశాను తల్లీ, మా ఇంట్లో."

ఆ గొంతులో జాలి నిజమైనదే. దాంతో వెర్నాకి ఒళ్లు మరీ మండింది.

"మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి. మా ముత్తాతలు అడవి కొట్టి కట్టుకున్న ఊరిది. ఇవాళ మా పండగ. మీ దేశం మీరు వెళ్లండి."

డెల్బర్ట్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

పెద్దాయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. కిటికీలోంచి నదివైపు ఒకసారి చూశాడు.

"వెళ్తానమ్మా. పండగపూట నీకు కోపం తెప్పించాను. ఏమనుకోకు."

చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. నీలం ట్రక్కు వంతెనవైపు మళ్లింది.

"బాగా గడ్డి పెట్టావు" అన్నాడు డెల్బర్ట్. ఆ మాటలో ఇందాకటి హుషారు లేదు.

సూప్ గిన్నెలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. వెర్నాకి మాత్రం ఆ పూట నోట్లో ఏమీ పెట్టుకోబుద్ధి కాలేదు.

సాయంత్రం ఊరంతా రేవు దగ్గర చేరింది. వెర్నా బతిమాలి లోర్న్‌ని కూడా తీసుకొచ్చింది. వేదికమీద మైకు, జెండాకర్ర, ఒక ఖాళీ కుర్చీ. మేయరు మ్యూరియల్ ఫోను పట్టుకుని కింద పచార్లు చేస్తోంది.

"ఇంకా మొదలెట్టలేదేం?" అడిగింది వెర్నా.

"క్లేటన్ సబాటిస్ గారు మాట్లాడాకే జెండా ఎగరెయ్యాలనుకున్నాం. ఇప్పుడే ఫోన్ చేశారు. దారిలో నడుం పట్టేసి ఇంటికి తిరిగి వెళ్లిపోయారట."

"ఎవరాయన?"

"అవతలి ఒడ్డున ఉంటారు. పాత నీలం ట్రక్కు. పొద్దున్నే వచ్చి ముందు మీ హోటల్లో సూప్ తాగుతానన్నారే! రాలేదా?"

లేదని అంటే వెర్నాకి సరిపోయేది. అనలేకపోయింది.

"వచ్చారు. నడుం నొప్పి కాదు మ్యూరియల్. నేనే పొమ్మన్నాను. అమెరికావాడు కదా అని..."

లోర్న్ తలెత్తి భార్యవైపు చూశాడు. చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు.

"ఆయనేం చేశాడే నన్ను?"

"అమెరికావాడా?" మ్యూరియల్ నెమ్మదిగా అంది. "ఆయన పస్సమక్వాడీ అనే ఆదివాసీ తెగకి పెద్ద. రెండు దేశాలూ పుట్టకముందు ఈ రెండు ఒడ్లూ వాళ్లవే. నది మధ్యన గీత గీసినప్పుడు ఆయన తాతముత్తాతలు అటు చిక్కుకుపోయారు. అయినా వాళ్లమ్మ పుట్టింది ఈ రేవు పక్కనే."

"మరి ఇవాళ ఏం మాట్లాడదామని వచ్చాడు?" అడిగాడు లోర్న్.

మ్యూరియల్ ఖాళీ కుర్చీవైపు చూసింది.

"మా నేలకి రండి, చల్లగా ఉండండి అని మనల్ని ఆహ్వానించడానికి."