వాగు దాటిన తెగులు

వాగుకి అవతలి అడవిలో, ఏ తెగులూ సోకలేదని అందరూ నిశ్చింతగా ఉన్న చోట, చెట్టు మొదట్లో బెరడు గీకగానే నల్లటి మరక బయటపడింది.

ఆమె చాకు పట్టుకుని పక్క చెట్టు దగ్గరికి నడిచింది. అక్కడా మరకే. దాని పక్కదానికీ అంతే. మరక పడ్డవన్నీ కాలిబాటని ఆనుకుని ఉన్నవే. బాట వదిలి లోపలికి వెళ్ళి చూస్తే ఒక్కదానికీ లేదు. అంటే తెగులు గాలిలో రాలేదు. ఎవరి కాళ్ళకో అంటుకుని నడిచి వచ్చింది.

అటవీ ఆఫీసులో ఆమెని అందరూ మట్టి మేడమ్ అంటారు, ఎక్కడికెళ్ళినా పిడికెడు మట్టి తీసి పరీక్షించి గానీ నోరు విప్పదని. వాగుకి ఇవతల ఈ వేరుతెగులు ఏం చేసిందో ఆమె కళ్ళారా చూసింది. ఎక్కడి నుంచో తెచ్చిన మొక్కలతో పాటు దిగిన రోగం. ముందు పెద్ద చెట్లు నిలువునా ఎండాయి. రాలే ఆకు లేక నేల మీది మెత్తటి పరుపు కరిగిపోయింది. నీళ్ళు తాగే వేళ్ళు లేక నేల చిత్తడైంది. నీడలో బతికే మొక్కలు మాడిపోయి, ఆ జాగాని గరుకు గడ్డీ ముళ్ళపొదలూ ఆక్రమించాయి. చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకుని మొలిచే పుట్టగొడుగులు మళ్ళీ తల ఎత్తలేదు. ఇప్పుడక్కడ మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే అడవి వాసనే రాదు.

అందుకే కొన్నేళ్ళ క్రితం వాగు మీది వంతెన దగ్గర గేటు పెట్టి, మందునీళ్ళ తొట్టి కట్టారు. బూట్లు అందులో ముంచి గానీ అవతలికి అడుగు వెయ్యకూడదు. రంగూ వాసనా లేని మందు. రోగాన్ని చంపుతుంది, పనిలో పనిగా బూటు తోలునీ తెల్లగా కొరికేస్తుంది. గేటుకి కాపలా ఆమె బాబాయి. అవతలికి వెళ్ళే పాసులున్నది ఇద్దరికే. ఒకటి ఆమెది. రెండోది పుట్టగొడుగులు ఏరి అమ్ముకునే తమ్ముడిది.

ఆలోచిస్తూనే వంతెన చేరి, అలవాటు కొద్దీ తొట్టిలో కాలు పెట్టింది. ఒక కప్ప చటుక్కున ఎగిరి గట్టు మీద పడింది.

"చూసి వెయ్యమ్మా అడుగు," అన్నాడు బాబాయి కాపలా గది గుమ్మంలోంచి.

బాబాయి అంతే. చక్కెర డబ్బాకి చీమలు పడితే, అవి వాటంతట అవి ఇల్లు చేరేదాకా టీ పెట్టడు.

గదిలో కుర్చీ ఖాళీ లేదు. గోడవారగా పేర్చిన, ఇంకా సీలు తీయని మందు డబ్బాల మీద కూర్చుంది.

"ముఖం అలా ఉందేంటమ్మా?"

"తెగులు వాగు దాటింది బాబాయ్."

బాబాయి తాగబోతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడే తమ్ముడు బుట్ట భుజానికి తగిలించుకుని వచ్చాడు. "ఏం మేడమ్ గారూ, ఈ పూట ఎంత మట్టి బొక్కారు?"

"తొట్టి తప్పించుకుని ఎటు నుంచి దాటుతున్నావురా?"

వాడి నవ్వు ఆగిపోయింది. "ఎటు నుంచీ లేదు. రోజూ ముంచే వెళ్తున్నా. కావాలంటే బాబాయిని అడుగు."

"ఆయన నిన్ను వెనకేసుకురాకుండా ఉన్నదెప్పుడు? బూట్లు చూపించు."

పోయిన వానాకాలం ముందు కొన్న బూట్లు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆమె తన కాళ్ళు ముందుకు చాపింది. ఎన్నో ఏళ్ళ నాటి ఆ బూట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"రోజూ మందులో ముంచిన తోలు ఇలా ఉంటుంది. నీది కొట్లోంచి నిన్న తెచ్చినట్టుంది. దీనికేమంటావు?"

తమ్ముడు తన బూట్లని తనే వింతగా చూసుకున్నాడు. "మంచి తోలేమోనక్కా."

"నాకు కథలు చెప్పకు."

"కథలెందుకు? చెట్టు పోతే పుట్టగొడుగు పోతుంది. నా కూట్లో నేనే మన్ను కొట్టుకుంటానా?"

"బద్ధకం ఆ లెక్కలు చూసుకోదురా."

ఆమె ఫోను తీసింది. బాబాయి ఆమె దగ్గరికి వచ్చాడు. "పాసు తీసేస్తారా వాడిది?"

"జన్మలో అడవి గడప తొక్కనివ్వరు."

"వాడికి వేరే పని రాదమ్మా. పెళ్ళాం, చంటిది..."

"నాకు తెలీదా? నా చేతుల్లో పెరిగిన వాడు బాబాయ్. కానీ ఇవాళ వదిలేస్తే, వచ్చే ఏటికి అవతల కూడా ముళ్ళపొదలే మిగులుతాయి."

తమ్ముడు పాసు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "చెయ్యక్కా. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి. ఇంక నా గుమ్మం మాత్రం తొక్కకు."

అవతల ఫోను ఎత్తారు.

"సార్, తెగులు వాగు దాటింది," అంది. "ఎవరి వల్లో కూడా తెలిసింది. అతను..."

బాబాయి వేలు వచ్చి ఫోను కట్ చేసింది.

"వాడి మాట చెప్పకు. వాడు రోజూ ముంచాడు. నా కళ్ళ ముందే ముంచాడు. నువ్వూ ముంచావు."

"మరి ఎలా వచ్చింది బాబాయ్?"

ఆయన కిటికీలోంచి తొట్టి వైపు చూశాడు. గట్టు మీది కప్ప తిరిగి నీళ్ళలోకి దూకి, తాపీగా ఈదుకుంటూ పోతోంది.

"కప్పలు చస్తుంటే చూడలేక, ఏడాదిగా వట్టి నీళ్ళే పోస్తున్నానమ్మా."