బుజ్జిగాడి జబ్బు

ముందే ఒప్పేసుకుంటున్నా, ఈ కథలో నేను పిడుగు పక్షం. ఐదేళ్ళకే డాక్టరు మెడలోంచి స్టెతస్కోపు లాగి, ఆయన గుండె మీదే పెట్టి, "హలో, ఎవరు మాట్లాడేది?" అని అడిగినవాడంటే నాకు గౌరవం. నా దగ్గర న్యాయం ఆశించకండి.

గొడవంతా ఒక్క ఫోనుతో మొదలైంది.

"అమ్మా, మన బుజ్జిగాణ్ణి ఒకసారి పిల్లల మానసిక డాక్టరుకి చూపించండి," అంది స్కూలు టీచరు. "నా మాట చెవికెక్కించుకోడు. వాడి గోల వాడిదే. వచ్చే ఏడు పెద్ద క్లాసు, బోలెడుమంది పిల్లలు. వాడికేం కావాలో ఇప్పుడే తెలిస్తే చెయ్యి పట్టుకుని నడిపించొచ్చు. లేకపోతే ఆ గుంపులో తప్పిపోతాడు."

తల్లి ఫోను పెట్టేసి తలెత్తి చూసింది. పిడుగు ఫ్రిజ్ మీద ఉన్నాడు. ఎలా ఎక్కాడో ఫ్రిజ్‌కి కూడా తెలీదు. వాడి కవల చెల్లెలు బంగారం మాత్రం కింద కూర్చుని బుద్ధిగా చెంచాలు వరస పేర్చుకుంటోంది.

'తప్పిపోతాడు' అన్న మాట తల్లిని ముల్లులా పొడిచింది. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. బగ్గు ఎక్కడ దాక్కున్నా జుట్టు పట్టుకుని బయటికి లాగుతుందని ఆఫీసులో పేరు. కన్నబిడ్డ దగ్గర ఆ విద్య అక్కరకు రాలేదు.

"నా చిన్నప్పుడు నేనూ ఇంతేనే," అన్నాడు భర్త, ధైర్యం చెప్తూ.

"నా భయమూ అదే," అంది.

"వీడికి జబ్బేంటే, నీ మొహం! వీడు కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టాడంతే," అంది అత్తగారు. అన్నదే గానీ, చెప్పులేసుకుని అందరికంటే ముందు కారెక్కి కూర్చుంది. ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేక బంగారాన్నీ వెంటేసుకున్నారు.

మొదటి డాక్టరు పిడుగు చేతికి గమ్ము ఇచ్చి, కాగితం మీద బొమ్మలు అతికించమన్నాడు. వాడు డాక్టరు పెన్నుని బల్లకి అతికించాడు.

"నిలకడ లేదు. అతి చురుకుదనం," అన్నాడు డాక్టరు, పెన్ను పీక్కుంటూ.

బయట రిసెప్షనిస్టు మురిసిపోతోంది. బంగారం గుమ్మంలోని చెప్పులన్నీ చిన్నా పెద్దా వరసలో సర్దేసింది. ఎవరో ఒక జత వేసుకెళ్ళిపోతే, ఆ ఖాళీ చూసి మళ్ళీ మొదటినుంచి సర్దింది.

"ఎంత పొందికండీ! మా ఇంటికి పంపిస్తారా?"

"అన్న అల్లరంతా ఇదే పూడుస్తోంది," అంది అత్తగారు గర్వంగా.

రెండో చోట డాక్టరమ్మ పిడుగుని "కూర్చో" అంది. "నువ్వు కూర్చో," అన్నాడు వాడు. ఆవిడ తెలీకుండానే కూర్చుండిపోయింది. ఆ తర్వాత పౌరుషం వచ్చి, పెద్దల మాటకి ఎదురు తిరిగే లక్షణమని చెప్పి, దానికో మూరెడు ఇంగ్లీషు పేరు కూడా పెట్టింది.

"అంత పేరెందుకమ్మా? మా ఇంట్లో దాన్ని పొగరంటాం," అంది అత్తగారు. "మా ఆయన వైపునించి వచ్చింది."

డాక్టరమ్మ నవ్వాపుకుని బంగారం చేతిలో చాక్లెట్ పెట్టింది. "నీ పేరేంటమ్మా?"

"పేరేంటమ్మా," అంది బంగారం, తిరిగే ఫ్యానుకేసి చూస్తూ.

అందరూ పకపకా నవ్వారు. "చిలక పలుకులు! ఆడపిల్లకి ఆ మాత్రం సిగ్గుండాలి. చూసి నేర్చుకోరా వెధవా," అని అత్తగారు పిడుగు నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

మూడో డాక్టరు పెద్దాయన. నెమ్మదస్తుడు. పిడుగు ఆయన సోఫా కింద దూరి ఎంతకీ రాకపోతే, కళ్ళజోడు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"లోపల ఏదో ఆందోళన ఉంది. అదే ఇలా బయటపడుతోంది."

తల్లి నేలమీద బోర్లా పడుకుని సోఫా కిందకి చూసింది. "లోపల ఏముంది నాన్నా? అమ్మకి చెప్పు."

"బంతి," అన్నాడు పిడుగు.

కారులో ఆమె ఇక ఆగలేకపోయింది. "ముగ్గురు మూడు చెప్పారు. ఏదో ఒకటి తేల్చండ్రా బాబూ! పేరు తెలిస్తే దాని అంతు చూస్తాను. పేరే తెలీనిదాంతో ఎలా తలపడను?"

పిడుగు తన సాక్సు విప్పి ఆమె కళ్ళు తుడిచాడు. ఆ వాసనకి మళ్ళీ నీళ్ళొచ్చాయి. వెనక సీట్లో బంగారం ఏ పేచీ లేకుండా, అద్దం మీద అటూ ఇటూ తిరిగే వైపర్లనే చూస్తూ కూర్చుంది. దీనివల్లనైనా నాకింత మనశ్శాంతి, అనుకుంది తల్లి.

మర్నాడు పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని స్కూలుకి వెళ్ళింది. టీచరు ఓ పాపని ఆయాకి అప్పగిస్తోంది, "వీడికి జడ ఊడిపోయింది, కాస్త వెయ్యి," అంటూ. రిపోర్టులు టీచరు ముందు పెట్టి, పరీక్ష రాసిన పిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ మూడింట్లో ఏది నిజమో మీరే చెప్పండి. రోజూ చూసేది మీరు."

టీచరు ఒక్కొక్కటే చదివింది. చదివేకొద్దీ కనుబొమలు పైకి వెళ్ళాయి.

"అతి చురుకు, ఎదురు తిరగడం, ఆందోళన... ఇవన్నీ పిడుగుకేనా? వాడికున్నది ఒకటే జబ్బండీ. ఐదేళ్ళు. పుట్టినరోజులు గడిచేకొద్దీ అదే తగ్గుతుంది."

తల్లి కట్టుకున్న చేతులు విప్పేసింది. "మరి మీరే కదండీ, డాక్టరుకి చూపించమన్నారు?"

టీచరు అయోమయంగా ఆమెకేసి ఒక్క క్షణం చూసి, పిలిచినా తిరక్కుండా కిటికీ దగ్గరే నిలబడిపోయిన బంగారం పక్కన మోకాళ్ళమీద కూర్చుని, "అయ్యో, వాడు కాదమ్మా," అంది, "నేను చెప్పింది ఈ బుజ్జిగాడి గురించి."