గుంత పక్కన రాళ్ళు

అడవి అంచు పేటలో చెరువుకెళ్ళే దారి మధ్య ఒక గుంత ఉండేది. రోజూ పొద్దున్నే గోరింక చెట్టెక్కి పంచాయతీ కబుర్లు చెప్పేది.

"ఆదివారం పార్కులో కోకిల పాటకచేరీ! దారిలో గుంత పూడ్చే పనికి పంచాయతీ పెద్ద ఎలుగుబంటిగారు నేడే శంకుస్థాపన చేస్తారు. అందరూ రావాలి!"

అందరూ వెళ్ళారు. ఎలుగుబంటి గుంత పక్కన ఒక రాయి పాతి, మెడలో దండ వేయించుకుని వెళ్ళిపోయింది. మరుసటి వానాకాలం మరో రాయి పాతింది. ఆ పై ఏడు ఇంకోటి. గుంత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నాలుగో రాయి పాతిన సాయంత్రమే గేదె దూడ ఆ గుంతలో పడి కాలు బెణికించుకుంది.

"పని ఎప్పుడు మొదలెడతారే?" అని గేదె గోరింక మీద అరిచింది.

"అదేంటక్కా, నాలుగుసార్లు మొదలెట్టాం కదా!" అంది గోరింక.

గేదెకు ఒళ్ళు మండిపోయింది. కొమ్ములతో నాలుగు రాళ్ళనూ పెకిలించి గుంతలోకి దొర్లించింది. పైన మట్టి తోసి కసిగా తొక్కింది. దారి చదునైంది. దూడ కుంటుకుంటూనే దాని మీదుగా చెరువుకెళ్ళింది.

మర్నాడు గోరింక గొంతు చించుకుంది. "పంచాయతీ కృషి ఫలించింది! గుంత పూడింది! నేడే ప్రారంభోత్సవం!"

గేదె పరుగున వెళ్ళేసరికి ఎలుగుబంటి దండతో నిలబడి ఉంది. పక్కనే కొత్త రాయి. దారి నడిమధ్యన అడవిపందులు తవ్వుతున్నాయి.

"మళ్ళీ ఎందుకయ్యా తవ్వుతున్నారు?" అంది గేదె.

"గుంత పూడ్చామని అందరికీ తెలియాలి కదమ్మా," అంది ఎలుగుబంటి. "రాయి నాటొద్దూ?"