ఒత్తులు లేని పుస్తకం

“ఇదిగో, మళ్ళీ జారింది,” అంటూ చిన్నోడు కీబోర్డును అవతలికి నెట్టాడు.

తెర మీద తోలు అట్ట పుస్తకం తెరుచుకుని ఉంది. మొదటి పేజీలో ‘మా అన్నయ్యకు, ప్రేమతో’ అని కనబడాలి. ఆటలోకి వెళ్ళేసరికి ఒత్తులు అక్షరాల కింద కుదురుగా కూర్చోకుండా పక్కకు జారి విడి అక్షరాలుగా నిలబడుతున్నాయి, వాటి ముందు అక్షరాల నెత్తిన పొల్లు పడుతోంది. అన్నయ్య కాస్తా ‘అన్‌నయ్‌య’ అయి కూర్చున్నాడు.

చిన్నోడు ఉద్యోగం చేస్తున్నవాడే అయినా ఇంట్లో ఆ పేరు అతన్ని వదల్లేదు. రాజులూ భూతాలూ ఉన్న ఒక కంప్యూటర్ ఆటకి సొంతంగా ఓ కోటను, ఆ కోటలో ఓ పుస్తకాన్ని చేర్చే పని పెట్టుకున్నాడు. ఆ పుస్తకం చదివినవాడికే కోటలోని రాతి తలుపు ఎలా తెరవాలో తెలుస్తుంది. అందరికంటే ముందు దాన్ని ఆడవలసింది అన్నయ్య. తండ్రి పోయాక వెల్డింగ్ షాపులో చేరి తనను చదివించిన మనిషికి తన మొదటి పని చూపించాలని, ఆ పుస్తకం ఆయన చేత చదివించాలని చిన్నోడి పంతం.

కుట్టు మిషన్ దగ్గర చొక్కా గుడ్డ మీద సుద్దతో గీతలు పెడుతున్న వదిన లేచి వచ్చి చూసింది.

“ఒత్తులతోనేగా తంటా. ఒత్తులు లేని మాటలతోనే రాసేద్దాం,” అంది.

చిన్నోడికి నవ్వొచ్చింది. ఒత్తు లేకుండా తెలుగులో ‘అమ్మ’ అని కూడా అనలేమన్నాడు. వదిన నవ్వలేదు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒత్తులు ఏరారు. మాంత్రికుడు మాయల ముసలివాడయ్యాడు. కత్తి పోయి బాకు వచ్చింది. రాక్షసుడి దగ్గర చిన్నోడు గింజుకుంటుంటే, వదిన తడుముకోకుండా భూతం అంది.

అంతటితో ఊరుకుందా? అక్షరాలు పెద్దవి కావాలంది. మాటకీ మాటకీ మధ్య జాగా కావాలంది. పేజీకి నాలుగు వరుసలు మించకూడదంది. మొదటి అక్షరం చుట్టూ చిన్నోడు ముచ్చటపడి అల్లుకున్న లతల బొమ్మ తీసెయ్యమంది. వరుస చివర మాట తెగి కిందికి పోకూడదంది. దాంతో ప్రతి వరుసకీ చేత్తో గుర్తులు పెట్టవలసి వచ్చింది. ఒకచోట బ్రాకెట్ మూయడం మరిచిపోతే ఆ తరువాతి పుస్తకమంతా మాయమైపోయింది. చిన్నోడికి తల ప్రాణం తోకకొచ్చింది.

“పసిపిల్లల పుస్తకంలా ఉంది వదినా,” అన్నాడు.

“మీ అన్నయ్య సంగతి తెలుసుగా.”

తెలుసు. వెల్డింగ్ మంటకి కళ్ళు దెబ్బతిన్నాయని అన్నయ్య ఎప్పుడూ అంటాడు. ఇంటికి ఏ కాగితం వచ్చినా తిన్నగా వదిన చేతిలో పెడతాడు. చిన్నోడు కొనిచ్చిన కళ్ళజోడు మాత్రం డబ్బా దాటి బయటికి రాలేదు. ఆటలోనూ అంతే. పోరాటమైతే కుర్చీలోంచి లేవడు, పుస్తకం కనబడితే చాలు, “ఏముందో చదివి చెప్పరా” అంటాడు. చిన్నప్పుడూ అదే మాట. షాపు నుంచి రాగానే ఆ రోజు పాఠం చదివి వినిపించమనేవాడు. ఎక్కడైనా తడబడితే మళ్ళీ మొదటినుంచీ చదివించేవాడు. అప్పట్లో చిన్నోడికి ఒళ్ళు మండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పట్టుదల వల్లే తను ఇంతవాడయ్యానని అనిపిస్తుంది.

అంకితం దగ్గరికి వచ్చేసరికి పేచీ పడింది. ‘నను పెంచిన చేతులకు’ అని పెట్టమంది వదిన. మాట బాగానే ఉంది గానీ అందులో అన్నయ్య లేడు. అన్నయ్య అనే మాట లేకుండా అన్నయ్యకి పుస్తకమేమిటని చిన్నోడు మొండికేశాడు. ఒత్తులను దారికి తెచ్చేదాకా నిద్రపోనన్నాడు.

ఆ వారమంతా ఆఫీసు నుంచి రావడం, ఆటలోని ఫాంటుతో కుస్తీ పట్టడం. ఉన్నది తీసి వేరేది పెట్టాడు, ఒత్తులు జారాయి. ఇంకోటి పెట్టాడు, అక్షరాలే పోయి డబ్బాలు మిగిలాయి. చివరికి ఒక్కో ఒత్తునూ దాని అక్షరంతో కలిపి ఒకే బొమ్మగా గీసి ఫాంటులో దూర్చడం మొదలుపెట్టాడు.

ఈలోగా అన్నయ్యా వదినా రోజూ వెనక గదిలో తలుపేసుకుని కూర్చోవడం ఎక్కువైంది. ఒకసారి అన్నయ్య వేళ్ళకి సుద్ద అంటుకుని ఉంటే, కుట్టుపని కూడా నేర్చుకుంటున్నావా అని చిన్నోడు ఆటపట్టించాడు. అన్నయ్య చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. మిషన్ పక్కన కూర్చుంటే అంటదా మరి అని వదిన మాట దాటేసింది.

ఆదివారం ఉదయం చిన్నోడు వదినను పిలిచి పుస్తకం తెరిచాడు. ‘మా అన్నయ్యకు, ప్రేమతో.’ ఒక్క ఒత్తు కూడా జారలేదు.

వదిన చాలాసేపు చూసింది. ఆమె కళ్ళు తడిశాయి.

“ఎంతో బాగుంది,” అంది. “తీసెయ్యి.”

చిన్నోడు తెల్లబోయాడు. ఇప్పుడు ఏ మాటైనా రాసుకోవచ్చని, మాంత్రికుణ్ణి కూడా వెనక్కి తెచ్చుకోవచ్చని నచ్చజెప్పబోయాడు. వదిన ససేమిరా అంది. పుస్తకం మొత్తంలో ఒక్క ఒత్తు కూడా ఉండకూడదంది.

“కారణమైనా చెప్పు.”

వదిన గుమ్మం వైపు చూసింది. వాకిట్లో అన్నయ్య బండి తుడుచుకుంటున్నాడు.

“ఈసారి ఆ తలుపు ఆయనంతట ఆయనే తెరవాలి,” అంది గొంతు తగ్గించి. “నిన్నూ నన్నూ అడగకుండా.”

“తెరుస్తాడు. అందుకేగా ఇన్ని పాట్లు పడ్డాను. అక్షరాలు పెద్దవి చేశాం, ఒత్తులు సరిచేశాను. ఇంకా అడ్డమేమిటి?”

నీకు చెప్పనని ఆయనకి మాటిచ్చానంటూనే వదిన చేతిలోని సుద్దముక్కను బల్ల మీద పెట్టింది.

“మీ అన్నయ్యకి ఇప్పుడిప్పుడే గుణింతాలు పట్టుబడుతున్నాయి. ఇంకా ఒత్తుల దాకా రాలేదు.”