సినిమాలో లేని మేక

మసాకా బజారులో నబుకీర జడల దుకాణం ఆ పొద్దున గోలగోలగా ఉంది.

ముందురోజు అందరూ ఇళ్లలో ఒకే చైనా సినిమా చూశారు. హీరో మొగాడంటే మొగాడని ఒకరూ, విలన్ ముందు వాడెంతని ఒకరూ తలలు తిప్పి మరీ వాదించుకుంటుంటే నబుకీర చేతిలోంచి జడపాయలు జారిపోతున్నాయి.

ఆమెకు మాత్రం హీరో చదువు కోసం వాళ్లమ్మ మేకను అమ్మే చోటే ప్రాణం. అక్కడ వెక్కివెక్కి ఏడ్చింది. చైనా మాటలు ఆమెకేం తెలుసు? సినిమా నడుస్తుంటే ఆ మాటలమీద తమ లుగాండా భాషలో కథ చెప్పే కయొండో గొంతే విన్నది.

ఆయనలా తనూ సినిమాలు చెప్పాలని ఆమెకు చిన్నప్పటినుంచీ ఒకటే పిచ్చి. గొంతు పరీక్షకు ఆయన స్టూడియోవాళ్లు మర్నాడే వస్తున్నారు. పిల్లకు కాళ్లు నేలమీద నిలవడం లేదు.

బయట వాన పడుతుంటే తడవకుండా గుమ్మంలో కూర్చున్న ఎవరో ముసలాయన ఇటు తిరిగాడు.

"ఆ సినిమాలో మేక లేదమ్మా." గొంతు పెగలక గుసగుసగా అన్నాడు.

అందరూ పకపకా నవ్వారు. మా చెవులతో మేం విన్నాం, కయొండో అబద్ధమాడాడంటావా అని మీద పడ్డారు.

"తల్లి ఊరికే నిలబడి చూస్తుంది, అంతే. జనం విసుగొచ్చి మధ్యలో లేచి వెళ్లిపోతారని అతను మేకను కలిపాడు."

నబుకీరకు ఒళ్లు మండింది. కయొండో గొంతు అచ్చుగుద్దినట్టు దించి ఆ ఘట్టం చెప్పింది. దుకాణమంతా చప్పట్లు.

"అది అతని గొంతు," అన్నాడు ముసలాయన. "నీదేదీ?"

"నాదా? విను. తల్లి తాడు పట్టుకుని లాగుతుంటే మేక వెనక్కి తిరిగి తిరిగి పిల్లాణ్ణే చూస్తుంది. వాడు చూడలేక గోడవైపు తిరుగుతాడు. అటు పొయ్యిమీద వాడికని పెట్టిన గంజి పొంగిపోతున్నా దించే దిక్కుండదు."

ఇవేవీ సినిమాలో లేవు. కయొండో కూడా చెప్పలేదు. అయినా సగం జడతో కూర్చున్నావిడ కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు చెప్పు, మేక ఉందా లేదా?"

ముసలాయన తలొంచుకుని, ఉందని ఒప్పుకున్నాడు.

ఆమె కోపం చల్లారలేదు. "కయొండోను తప్పుపట్టేవాళ్లకు నా గుమ్మంలో చోటు లేదు. లే."

వాన ఇంకా పడుతూనే ఉంది. ఆయన లేచి వెళ్లాడు.

మర్నాడు స్టూడియో అతను వచ్చి, పరీక్ష అక్కర్లేదు, సోమవారం నుంచి కంపాలా వచ్చి సినిమాలు చెప్పమన్నాడు. నబుకీర అరిచిన అరుపుకు బజారు సగం పరుగెత్తుకొచ్చింది.

కాస్త తేరుకున్నాక, కయొండో గారు ఎక్కడున్నారు, మోకాళ్లమీద కూర్చుని ఆయనకు దండం పెట్టుకోవాలి అంది.

"పొద్దున్నే ఊరెళ్లిపోయారమ్మా, ఇక రారు," అన్నాడతను. "ఆపరేషన్‌లో ఆయన గొంతు పోయింది, తన కుర్చీ ఎవరికివ్వాలో తేల్చుకుందామని నిన్న వానలో మీ గుమ్మంలోనే కూర్చున్నారు."