తను పెట్టని సంతకం

"రెండేళ్ళ కిందటే ఆయన రక్తం తీసుకున్నారు. గుండె లయ తప్పుతుందని తెలిసీ నోరు మెదపలేదా?"

మెడలో కొలతల టేపుతోనే కుట్టుమిషను మీంచి లేచొచ్చిన ఆమె, ఆసుపత్రిలో నర్సు ముందున్న బల్లమీద చరిచింది. కిడ్నీ జబ్బున్న భర్త పొద్దున గుండె దడతో కుప్పకూలిపోయాడు.

"మీ ఆయనకి చెప్పామమ్మా. రక్తంలో కొన్ని ప్రోటీన్లు పెరిగాయి, గుండెకి ముప్పుంది, నెలనెలా ఈసీజీకి రమ్మన్నాం. ఇదిగో, ఆయన ఇంటినుంచి తెచ్చిచ్చిన కాగితం మీద భార్యగా మీ సంతకం."

అచ్చంగా తన సంతకమే. కానీ తను పెట్టలేదు.

విసవిసా వార్డులోకి నడిచింది. భర్త కళ్ళు తెరిచాడు.

"నా సంతకం నాకన్నా బాగా పెట్టారే!"

"నువ్వు భయపడతావనీ..."

"భయపడనివ్వాల్సింది! భయపడితేనే కదా, చెవి పట్టుకుని నెలనెలా ఇక్కడికి లాక్కొచ్చేదాన్ని!"